కీళ్ళవాతానికి సెల్ఫ్ హిప్నాసిస్, రిలాక్సేషన్ తెలుగులో చేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కృష్ణలంక_టీచర్
మంగళవారం, తెల్లవారుజాము 3:12

అందరికీ నమస్కారం. టైమ్ చూస్తే మీకే తెలుస్తుంది, నిద్ర పట్టక రాస్తున్నాను. నాకు 41, విజయవాడలో స్కూల్లో ఎనిమిది తొమ్మిది క్లాసులకి లెక్కలు చెప్తాను. ఆరేళ్ళ నుంచి రుమటాయిడ్ ఆర్థరైటిస్. మెథోట్రెక్సేట్ వారానికోసారి ఆదివారం వేసుకుంటాను, ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా ఉన్నాయి. మందులు పని చేయట్లేదని కాదు, ముందుతో పోలిస్తే వాపులు బాగా తగ్గాయి, రిపోర్టులు చూసి డాక్టరు గారు కూడా పర్లేదనే అంటున్నారు. కానీ పొద్దున్నే లేచాక గంటా గంటన్నర వేళ్ళు ముడుచుకోవు, పాలపాకెట్ కత్తెరతో కూడా కట్ చెయ్యలేను, మా పాప వచ్చి చెయ్యాలి.

అసలు కష్టం రాత్రిళ్ళు. మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, మణికట్లు సలుపుతుంటాయి, అప్పుడు బుర్రలో మొదలవుతుంది, రేపు బోర్డు మీద రాయగలనా, ఇంకో పదేళ్ళకి నా చేతులు ఎలా ఉంటాయి, పాప పెళ్ళి నాటికి నేను నడుస్తానా అని. అలా అనుకుంటుంటే పళ్ళు బిగపట్టేస్తున్నా, భుజాలు చెవుల దాకా వచ్చేస్తున్నాయి, పొద్దున లేచేసరికి చేతులతో పాటు మెడా దవడా కూడా నొప్పే. అంటే జబ్బు ఇచ్చేది కొంత, దాని మీద నేను వేసుకునేది కొంత. ఆ రెండోది తగ్గించుకుందామని ఆశ.

మా కొలీగ్ చెప్తే యూట్యూబ్‌లో సెల్ఫ్ హిప్నాసిస్ ఆడియోలు విన్నాను. అన్నీ ఇంగ్లీషే. నాకు ఇంగ్లీషు రాక కాదు, కానీ ఆవిడెవరో బీచ్ లో నడుస్తున్నానని ఊహించుకోమంటుంది, నేనేమో ఆ మాటని తెలుగులోకి మార్చుకుంటూ పడుకుంటా, ఇంక వదులయ్యేదెక్కడ. ఎవరైనా తెలుగులో చేస్తున్నారా? అసలు ఇది పని చేస్తుందా? చేస్తే ఎంతవరకు?

రాత్రిడ్యూటీ_సిస్టర్
మంగళవారం, ఉదయం 6:40

టీచర్ గారూ, డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. పద్నాలుగేళ్ళుగా వార్డులో ఉన్నాను, మీరు చెప్పిన ఆ రెండో నొప్పి నేను రోజూ చూస్తాను, అది నిజం. సూది ఒకటే, కొందరు ఊపిరి బిగబట్టి చెయ్యి రాయిలా చేసేసుకుంటారు, వాళ్ళకి రెట్టింపు నొప్పి. అదే చెయ్యి పట్టుకుని "ఊపిరి వదలండమ్మా, నెమ్మదిగా వదలండి" అంటే నరం కూడా తేలిగ్గా దొరుకుతుంది.

హిప్నాసిస్ సంగతి పెద్దవాళ్ళు చెప్తారు. ఈ రాత్రికి మాత్రం ఒక్క పని చెయ్యండి. పీల్చడం నాలుగు లెక్క, వదలడం ఆరు లెక్క, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని పది నిమిషాలు. వదలడం పొడుగ్గా ఉండాలి, అదే కిటుకు. ఊపిరి వదిలేటప్పుడే గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. ఇంకోటి, మెథోట్రెక్సేట్ వారానికోసారే కదా, అది ఆదివారమేనని డబ్బా మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి, నిద్రలేని బుర్రతో పొరపాటున రోజూ వేసేసుకున్నవాళ్ళని చూశాను, చాలా ప్రమాదం.

కరీంనగర్_అన్న
మంగళవారం, ఉదయం 9:05

నాకు జర డౌట్ ఉన్నది, అడుగుత, ఎవరు ఏమనుకోవద్దు. మేం పట్టాభిరాం గారి అసొంటోళ్ళ మేజిక్కు, హిప్నాటిజం ప్రోగ్రాములు చూసి పెరిగినోళ్ళం. మా బడికి ఒకాయన వస్తే మా దోస్తుగాన్ని స్టేజి మీదికి పిల్చి, ఉల్లిగడ్డ చేతిలపెట్టి ఆపిల్ అని చెప్తే వాడు కరకర తిన్నడు. హిప్నాటిజం అంటే నాకు గదే యాదికొస్తది. మరి నొప్పి ఉంటే లేదు లేదు అనుకునుడు మనల్ని మనం మోసం చేసుకున్నట్టు కాదా? మా అమ్మకు షుగర్, కాళ్ళల్ల మంటలు, రాత్రంత కాళ్ళు ఫ్యాన్ కింద పెట్టుకుని కూసుంటది. ఏమన్న ఆసర అయితదంటే చేపిస్త, కానీ ఉత్త మాటలు చెప్పి ఆమెను ఆశ పెట్టబుద్ధి కాదు.

సైకాలజీ_వరంగల్
మంగళవారం, మధ్యాహ్నం 2:30

అన్నా, మంచి ప్రశ్న అడిగిండ్రు, వివరంగా చెప్తా. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, నొప్పులతో వచ్చేవాళ్ళతోటే ఎక్కువ పని.

హిప్నాసిస్ అంటే నిద్ర కాదు, ఒకరి వశంలోకి పోవుడు కాదు. ఒక్క విషయం మీద మనసు గట్టిగా నిలబడి, చుట్టుపక్కలవి మసకబారి, ఆ టైంల చెప్పిన మాట లోపలికి దిగే స్థితి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏదో ఆలోచనలో పడి మన స్టేజి దాటిపోతాం చూడండి, అప్పుడు మనం నిద్రపోలేదు, కండక్టర్ అరుపు మాత్రం వినబడలేదు. గట్లనే. సెల్ఫ్ హిప్నాసిస్ అంటే ఆ స్థితికి మనంతట మనమే పోయి మనకు మనమే మాట చెప్పుకునుడు.

దీనికి మన దేశంలోనే పాత కథ ఉంది. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాటిష్ డాక్టర్ ఉండె. అప్పటికి మత్తుమందు లేదు, బోస్టన్‌లో ఈథర్ చూపించింది 1846ల. బోదకాలు జబ్బుతోటి వృషణాల దగ్గర పెద్ద పెద్ద గడ్డలు పెరిగినోళ్ళకు ఆయన మెస్మరిజం, అంటే హిప్నాసిస్‌కు పాత రూపం, చేసి ఆపరేషన్లు చేసిండు, తర్వాత కలకత్తాలో దానికోసమే ఒక ఆసుపత్రి కూడా పెట్టిచ్చిండ్రు. ఒంట్లోంచి ఏదో అయస్కాంత శక్తి పోతదని అప్పుడు చెప్పిన కారణం మాత్రం తప్పు. అది శక్తి కాదు, మనసు నిలిపే తీరు అని 1840లలోనే మాంచెస్టర్‌లో జేమ్స్ బ్రెయిడ్ అనే డాక్టర్ చెప్పి, హిప్నాటిజం అన్న పేరును వాడుకలోకి తెచ్చిండు.

ఇగ మీరడిగిన మోసం సంగతి. 1997లో మాంట్రియల్‌లో ఒక ప్రయోగం చేసిండ్రు. మనుషుల చెయ్యి బాగా వేడి నీళ్ళలో పెట్టిపిచ్చి మెదడు స్కాన్ తీసిండ్రు. నీళ్ళ వేడి మార్చలేదు, హిప్నాసిస్‌లో "ఇది అంత బాధగా లేదు" అనో "ఎక్కువ బాధగా ఉంది" అనో మాత్రం చెప్పిండ్రు. వేడి ఎక్కడ, ఎంత అని పసిగట్టే భాగం పెద్దగా మారలేదు. బాధను బాధగా అనుభవింపజేసే భాగం, యాంటీరియర్ సింగ్యులేట్ అంటరు, అది మారింది. అంటే మంట ఉంది, ఆ మంట మనల్ని పట్టి పీడించుడు తగ్గింది. టీచర్ గారు మూడు గంటల రాత్రి ఏ పరికరం లేకుండా కనిపెట్టింది సరిగ్గా ఇదే.

కాబట్టి "నొప్పి లేదు" అని చెప్పుకోవద్దు. అది అబద్ధం, ఒళ్ళు నమ్మదు. "నొప్పి ఉంది, పక్కింట్లో రేడియో మోగుతున్నట్టుంది, నేను తలుపు దగ్గరికేసుకున్నా" అని చెప్పుకోండి.

అన్నా, అమ్మకు మంటలకు డాక్టర్ ఇచ్చిన మందు ఆపకుండా చేపిచ్చండి. ఇన్సులిన్ గాని షుగర్ మాత్రలు గాని వాడుతున్నరు కదా, చెమటలు పట్టి గుండె దడదడలాడితే అది భయమనుకుని ఊపిరి తీసుకుంట కూర్చోవద్దు, ముందు షుగర్ చూడాలె, తక్కువుంటే చక్కెర నీళ్ళు తాగాలె. ఆరాంగా పడుకునుడు ఆ తర్వాత.

గచ్చిబౌలి_రెండో_షిఫ్ట్
మంగళవారం, రాత్రి 11:48

నాది కీళ్ళు కాదు, కడుపు. ఐబీఎస్, అంటే పరీక్షల్లో ఏ లోపం కనబడకుండానే పేగులు తిప్పలు పెట్టే జబ్బు. ఎనిమిదేళ్ళు. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ అన్నీ నార్మల్, ఆ నార్మల్ అన్న మాట విన్నప్పుడల్లా ఏడుపొచ్చేది, అన్నీ నార్మలైతే నేను క్యాబ్ ఎక్కే ముందు మూడుసార్లు బాత్రూంకి ఎందుకు వెళ్తున్నా? పెళ్ళిచూపులకి వెళ్ళి మధ్యలో లేచి వచ్చేసిన రోజు ఇంకా గుర్తుంది.

నన్ను చూసిన గ్యాస్ట్రో డాక్టరే హిప్నోథెరపీ పేరెత్తారు. నేను వెతికి చదివితే తెలిసింది, 1984లోనే మాంచెస్టర్‌లో వోర్‌వెల్ అనే డాక్టరు ఏ మందుకీ లొంగని ఐబీఎస్ ఉన్న 30 మంది మీద చేసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు, బ్రిటన్ లో ఏడాది పాటు మందులతో తగ్గని ఐబీఎస్ కి దీన్ని కూడా ఆలోచించమని గైడ్‌లైన్ లోనే ఉంది. అది చదివాకే నాకు ధైర్యం వచ్చింది, ఇదేదో బాబాల వ్యవహారం కాదని.

నేను చేసేది చెప్తాను. రెండు అరచేతులు రుద్దుకుని బొడ్డు కింద పెట్టుకుంటాను. వేడి లోపలికి దిగుతోందనుకుంటాను. తర్వాత పేగుని మా ఊరి పంటకాలవలా ఊహించుకుంటాను, లాకు తలుపులు ఒక్కసారి ఎత్తితే గట్లు తెగుతాయి, మూసేస్తే పొలం ఎండుతుంది, నేను లాకు దగ్గర నిలబడి చక్రం తిప్పుతూ కొంచెం కొంచెంగా నీళ్ళు వదుల్తున్నట్టు. మొదటి మూడు వారాలు ఏమీ లేదు, చాలా విసుగొచ్చింది, మానేద్దామనుకున్నా. రెండో నెలలో ఒకరోజు ఆఫీసుకి వెళ్ళాక గుర్తొచ్చింది, ఇవాళ ఒక్కసారే వెళ్ళానని. పూర్తిగా పోలేదు, పప్పులు ఎక్కువైనా డెడ్‌లైన్ ఉన్నా ఇప్పటికీ వస్తుంది. కానీ వస్తుందేమోనన్న భయంతో బతకడం పోయింది, నాకు అదే పెద్ద సంగతి.

నల్గొండ_బిడ్డ
బుధవారం, ఉదయం 7:55

ఇది చదివే అందరికీ చేతులెత్తి ఒక మాట చెప్తున్న. మా అమ్మకు కూడా టీచర్ గారి జబ్బే. నాలుగేళ్ళ కింద ఎవరో చెప్తే ఒకాయన దగ్గరికి తీస్కపోయినం, హిప్నాటిజంతోటి కీళ్ళవాతం వేర్లతో సహా తీసేస్త అన్నడు, ఇరవై సిట్టింగులు, పైసలు ముందే కట్టిచ్చుకున్నడు. ఇంగ్లీషు మందులు వేసుకుంటే మనసు మాట వినదు అని మాత్రలు ఆపిచ్చిండు. అమ్మకు మొదట్ల నిజంగనే హాయిగా అనిపిచ్చింది, అందుకే మేం కూడ నమ్మినం. నొప్పి తక్కువనిపిచ్చింది గని లోపల వాపు దాని పని అది చేసుకుంటనే పోయింది. ఎనిమిది నెలలకు కుడిచేతి వేళ్ళు పక్కకు వంగిపోయినయ్, ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ చాలాసేపు ఏం మాట్లాడలె. ఆ వేళ్ళు మళ్ళ తిన్నగ కాలె. మా అమ్మ ముగ్గు ఏసుడు మానేసింది.

మనసు నెమ్మది చేసుకునుడు తప్పని అంటలేను, అమ్మ ఇప్పటికీ పడుకునే ముందు చేస్తది, మాత్ర వేసుకుని మరీ చేస్తది. కాని జబ్బు తీసేస్తం, మందులు ఆపుండ్రి అన్నరంటే అక్కడినుంచి లేచి వచ్చేయుండ్రి. షుగర్, బీపీ, క్యాన్సర్ అసొంటి జబ్బులు నయం చేస్తమని మందులకు, మాయలకు ప్రకటనలు ఇయ్యకుండ 1954 నుంచే దేశంల చట్టం ఉన్నది, అది మాకు అప్పుడు తెల్వదు.

సైకాలజీ_వరంగల్
బుధవారం, ఉదయం 10:20

నల్గొండ చెల్లె, చదివి మనసు కలుక్కుమన్నది. మీరు రాసింది నా పోస్టు కంటే ముఖ్యం. అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది, కీళ్ళవాతంల నొప్పి తగ్గుడు వేరు, కీలు అరుగుడు ఆగుడు వేరు. మొదటిది మనసు కొంత చేస్తది, రెండోది మందే చెయ్యాలె. కొత్త నొప్పి వస్తే, ఉన్నట్టుండి కీలు ఎర్రగై జ్వరం వస్తే రికార్డింగు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పోవాలె. ఎవరికన్న భ్రమలు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడుడు అసొంటివి ఉంటే సొంతంగా హిప్నాసిస్ వద్దే వద్దు.

ఉద్దానం_కుర్రాడు
బుధవారం, సాయంత్రం 5:15

నమస్తే అండి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర. మా వైపు కిడ్నీ జబ్బుల గురించి మీరు పేపర్లలో చూసే ఉంటారు. ప్రతి వీధిలో ఒకరున్నారు, మా నాన్న వాళ్ళలో ఒకరు. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు, పోను రాను బండి మీద ఇంకో రెండు గంటలు. అంటే మా ఇంట్లో వారం మొత్తం దాని చుట్టూనే తిరుగుతాది.

నాన్నకి జబ్బంటే భయం లేదు. సూదంటే భయం. చేతికి ఫిస్టులా వేశారు, అంటే డయాలసిస్ కోసం రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు, దాంట్లోకి రెండు సూదులు దించుతారు, మామూలు ఇంజెక్షన్ సూదులు కావు, మేకుల్లాగుంటాయి. ముందు రోజు రాత్రి నుంచే అన్నం తినడు. మెషీను మీద మూడో గంటకి పిక్కలు పట్టేస్తాయి, అప్పుడు పెద్ద మనిషి, ఎవరి ముందూ కంటతడి పెట్టనివాడు, చిన్నపిల్లాడిలా కేక పెడతాడు. ఏటి చేస్తాం, పక్కన నిలబడి కాళ్ళు తొయ్యడమే.

అక్కడ టెక్నీషియన్ అన్న ఒకాయన మంచోడు. సూది దించేటప్పుడు నాన్నని మాటల్లో పెట్టేవాడు. ఒకరోజు "మీ తోటలో ఎన్ని కొబ్బరి చెట్లు" అనడిగాడు. నాన్న కళ్ళు మూసుకుని లెక్కపెట్టడం మొదలెట్టాడు. గట్టు మీదవి, నూతి దగ్గరవి, జీడిచెట్ల పక్కనవి. నలభై దాకా వచ్చేసరికి రెండు సూదులూ దిగిపోయాయి, నాన్నకి తెలీలేదు.

మీకొక విషయం చెప్పాలి. ఆ తోట ఇప్పుడు లేదు. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి దాదాపు అన్నీ పోయాయి. నాన్న లెక్కపెట్టేది తుఫానుకి ముందు తోట. ఇప్పుడు ప్రతిసారీ అదే చేస్తున్నాడు, గేటు దగ్గర మొదలెడతాడు, నెమ్మదిగా నడుస్తాడు. ఇది హిప్నాసిస్ అవునో కాదో నాకు తెలీదు, అందుకే అడుగుదామని రాశాను. పిక్కలు పట్టడం కూడా దీంతో తగ్గుతాదా?

సైకాలజీ_వరంగల్
బుధవారం, రాత్రి 8:02

తమ్ముడూ, ఇది సెల్ఫ్ హిప్నాసిస్‌కు చాలా దగ్గరిదే. మీ నాన్నకు నేను నేర్పేది ఏమీ లేదు, ఆయన ఒక చోటును ఎంచుకున్నడు, కాలు పెట్టే దారి ఉంది, లెక్క ఉంది. ఇంకొంచెం లోపలికి పోవాలంటే అక్కడి వాసన, ఎండ, కాలికింద ఇసుక ఎట్లుందో అడుగుండ్రి, చూపుతో పాటు మిగతావి కూడా వస్తే బాగా నిలబడతది. ఆ టెక్నీషియన్ తమ్ముడికి నా దండాలు చెప్పుండ్రి.

రాత్రిడ్యూటీ_సిస్టర్
బుధవారం, రాత్రి 9:30

పిక్కల సంగతి నేను చెప్తాను బాబూ. అది భయం వల్ల వచ్చేది కాదు, ఒంట్లోంచి నీళ్ళు ఎక్కువ, తొందరగా లాగాల్సి వచ్చినప్పుడు పట్టేస్తాయి. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎంత పెరుగుతున్నారో చూసుకోండి, పట్టేసిన వెంటనే సిస్టర్‌ని పిలవండి, ఓర్చుకోవద్దు. తల తిరిగినా, చెమట పట్టినా అంతే, వెంటనే చెప్పాలి. తోటలో ఉన్నాడు కదా అని కదిలించకుండా వదిలెయ్యకండి, మధ్యమధ్యలో ఒకమాట పలకరిస్తూ ఉండండి. సూదులున్న చెయ్యి బిగించి వదలడం లాంటివి వద్దు, ఆ చెయ్యి కదలకూడదు.

విశ్రాంత_మాస్టారు
గురువారం, ఉదయం 5:50

నేను రాజమండ్రిలో యోగా నేర్పుతాను, వయసు 72, బీపీ నాకూ ఉంది, మాత్ర వేసుకుంటాను. మన శవాసనం గురించి ఎవరూ అనలేదేంటా అని చూస్తున్నాను. 1969లోనే బొంబాయి కెఇఎం ఆసుపత్రిలో డాక్టర్ దాతే గారు, ఆయన తోటివాళ్ళు 47 మంది బీపీ రోగులకి శవాసనం నేర్పి ఫలితాలు ప్రచురించారు, కొందరికి మందు మోతాదు కూడా తగ్గించగలిగారు. తగ్గించింది డాక్టర్లే, రోగులు కాదు, అది గమనించాలి. బీహార్లో ముంగేర్ సత్యానంద స్వామి నేర్పిన యోగనిద్రలో కూడా ఒళ్ళంతా ఒక్కో భాగమే తలుచుకుంటూ వెళ్ళడం, ముందూ చివరా ఒక సంకల్పం చెప్పుకోవడం ఉంది. హిప్నాసిస్‌లో మనకి మనం చెప్పుకునే మాటని సజెషన్ అంటారు, అదీ ఈ సంకల్పమూ ఒకటే అని నా అభిప్రాయం.

ఇంకొకటి. జపమాల తిప్పేవాళ్ళు తిప్పండి, తస్బీ అయినా రోజరీ అయినా సరే. ఇటలీవాళ్ళు 2001లో రోజరీ ప్రార్థననీ మంత్రాన్నీ పక్కపక్కన పెట్టి కొలిస్తే రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరుసార్లకి దగ్గరగా వచ్చిందట. సిస్టర్ గారు చెప్పిన నాలుగూ ఆరూ లెక్క కూడా సరిగ్గా నిమిషానికి ఆరే కదా! ఒకటే జాగ్రత్త, అయిపోగానే గభాలున లేవకండి. పక్కకి తిరిగి, కాసేపు ఉండి, చేత్తో ఊతం తీసుకుని లేవండి, నా వయసు వాళ్ళకి కళ్ళు తిరుగుతాయి.

కృష్ణలంక_టీచర్
గురువారం, రాత్రి 10:15

ఇంతమంది రాస్తారనుకోలేదు, ఉద్దానం బాబు పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. నల్గొండ చెల్లీ, అమ్మగారికి నా నమస్కారాలు, ఈ జన్మలో మందు మాత్రం ఆపను.

మూడు రాత్రుల నుంచి ఊపిరి లెక్క చేస్తున్నా. ఇప్పుడు సొంతంగా రికార్డ్ చేసుకుందామని కూర్చుంటే మాటలే రావట్లేదు. రిలాక్స్ అవ్వు అంటే ఏదోలా ఉంది, విశ్రాంతి పొందుము అంటే రేడియో ప్రసంగంలా ఉంది, సడలించు అంటే మా పాప నవ్వింది. మీరంతా ఏ మాట వాడుతున్నారు?

ఎడిసన్_అమలాపురం
శుక్రవారం, ఉదయం 4:25

అక్కా, నేను న్యూజెర్సీ లో ఉంటాను, ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్ళంతా ఎప్పుడూ నొప్పులుండే జబ్బు, పదకొండేళ్ళు. ఇక్కడి థెరపిస్ట్ చాలా మంచావిడ, ఆరు నెలలు ఇంగ్లీషులో చేయించింది, కొంత ఉపయోగపడింది. ఒకరోజు ఆవిడే అంది, నువ్వు చిన్నప్పుడు జ్వరం వస్తే మీ అమ్మ ఏ భాషలో మాట్లాడేది, ఆ భాషలో చేసి చూడు అని. ఇంటికొచ్చి కారులోనే కూర్చుని ఏడ్చాను, ఎందుకంటే అమ్మ నుదుటి మీద చెయ్యేసి "వదిలెయ్యమ్మా, ఒళ్ళు వదిలెయ్" అనేది. అదే మాట. వదిలెయ్. భుజాలకైతే దించెయ్, దవడకైతే జారవిడువు, చేతులకైతే మంచానికి అప్పజెప్పెయ్ అంటాను. నా రికార్డింగ్‌లో కొంత ముక్క పెడుతున్నా, నచ్చింది తీసుకోండి.

"కాలవ రేవులో మూడో మెట్టు మీద కూర్చున్నాను. నాపరాయి చల్లగా ఉంది. అవతలి గట్టున ఎవరో బట్టలుతుకుతున్నారు, చప్పుడు ఒక క్షణం ఆలస్యంగా వినబడుతోంది. కుడిచెయ్యి నీళ్ళలో పెట్టాను. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు పోతున్నాయి. చల్లదనం వేళ్ళకెక్కింది. అరచేతికెక్కింది. చెయ్యి కొంచెం తిమ్మిరెక్కింది, నాది కానట్టుంది, హాయిగా ఉంది. ఇప్పుడు ఆ తడి చెయ్యి తీసి ఎడమ భుజం మీద వేసుకుంటున్నాను. ఆ చల్లదనం భుజంలోకి దిగుతోంది. నొప్పి ఉంది, ఉండనీ, నీళ్ళ కింద గులకరాయిలా ఉంది. నీళ్ళు దాని మీంచి పోతున్నాయి."

అంతే, దీన్ని చాలా నెమ్మదిగా, వాక్యానికీ వాక్యానికీ మధ్య రెండు ఊపిర్ల ఖాళీతో చదువుతాను, మొత్తం పద్నాలుగు నిమిషాలొస్తుంది. చివర్లో అయిదు నుంచి ఒకటి దాకా లెక్కపెట్టి కళ్ళు తెరుస్తాను, రాత్రి పడుకునే ముందైతే లెక్క పెట్టను, అలాగే నిద్రలోకి. కారు నడిపేటప్పుడు మాత్రం ఎప్పుడూ పెట్టుకోను.

ఫిజియో_అనంతపురం
శుక్రవారం, ఉదయం 11:00

చిన్న మాట అక్కా. కండరం బిగించి వదిలే పద్ధతి ఒకటి నెట్లో ఎక్కువ కనబడుతుంది, ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా డాక్టరు దాదాపు నూరేళ్ళ కిందట పెట్టింది, మంచి పద్ధతే. కానీ వాపులున్న రోజుల్లో మీరు పిడికిలి గట్టిగా బిగించొద్దు. బిగించే భాగం వదిలేసి వదిలే భాగం ఒక్కటే చేయండి. కాళ్ళు, భుజాలు, నుదురు అయితే కొంచెంగా బిగించొచ్చు, నొప్పి మొదలయ్యేలోపే ఆపేయాల. పొద్దున బిగువుకి గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టి వేళ్ళు ఆడించడం మానొద్దు.

మౌనంగా_చదివే_మనిషి
శుక్రవారం, రాత్రి 11:30

నేను లూపస్ పేషెంట్‌ని, ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బు అది. ఎప్పుడూ రాయను, చదువుతాను. కళ్ళు మూసుకుని ఒంటి మీద ధ్యాస పెడితే నాకు గాభరా ఎక్కువైపోతుంది, గుండె చప్పుడు పెద్దగా వినబడి చచ్చిపోతానేమో అనిపిస్తుంది. అందరికీ హాయిగా ఉండేది నాకే ఎందుకిలా అని చాలా బాధగా ఉంది. నా వల్ల కాదేమో.

సైకాలజీ_వరంగల్
శనివారం, ఉదయం 8:10

మీ ఒక్కరికే కాదు, చాలామందికి మొదట్ల ఇట్లనే అయితది, దానికి పేరు కూడా ఉంది. ఎప్పుడూ కాపలా కాసే ఒళ్ళు ఒక్కసారి కాపలా దింపితే బెదురుతది. కళ్ళు తెరిచే చెయ్యండి. ధ్యాస లోపలికి కాదు, బయట పెట్టండి, దీపం వెలుగు మీదనో కిటికీలోంచి కనబడే కొమ్మ మీదనో. రెండు నిమిషాలు చాలు, నడుస్తూ అయినా చెయ్యొచ్చు. గుండెదడ గురించి ఒకసారి మీ డాక్టర్‌కు చెప్పుండ్రి, లూపస్‌ల అది చూపించుకోవాల్సిందే. బతకాలనిపించనంత దిగులు వచ్చిన రాత్రి ఉంటే 14416కు ఫోన్ చెయ్యండి, టెలీ మానస్, ప్రభుత్వానిది, పైసలు అడగరు, తెలుగులో మాట్లాడతరు. ఇక్కడ రాసినందుకు సంతోషం, మళ్ళ రాయండి.

కృష్ణలంక_టీచర్
ఏడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:20

చాలా రోజులకి వచ్చాను, యూనిట్ టెస్టులు దిద్దుకుంటూ కుదర్లేదు.

ఎడిసన్ చెల్లి రాసిన కాలవని నేను ప్రకాశం బ్యారేజీ దిగువకి మార్చుకున్నాను, మా నాన్న పుష్కరాలకి తీసుకెళ్ళిన ఘాట్. రికార్డింగ్ నా గొంతుతో చేస్తే క్లాసు చెప్తున్నట్టు వచ్చింది, అందుకని మా అమ్మతో చదివించాను. ఆవిడ మధ్యలో దగ్గింది, వెనకాల కుక్కర్ విజిల్ కూడా పడింది, అయినా మార్చలేదు, ఇప్పుడు ఆ విజిల్ రాగానే భుజాలు వాటంతటవే దిగిపోతున్నాయి.

రోజూ చేయలేకపోయాను, నిజం చెప్పాలిగా, వారంలో నాలుగైదు రోజులు. పొద్దున బిగువు అలాగే ఉంది, గంట పైనే. నొప్పి మాత్రలు మునుపు వారానికి అయిదారు పడేవి, ఇప్పుడు రెండు మూడు. మూడింటికి మెలకువ ఇంకా వస్తుంది, కానీ ఎక్కువసార్లు అమ్మ గొంతు పూర్తయ్యేలోపే నిద్రపోతున్నా. దవడ నొప్పి దాదాపు లేదు. మధ్యలో ఒక వారం బాగా తిరగబెట్టింది, మోకాలు వాచి నీళ్ళు చేరాయి, ఆ వారం రికార్డింగ్ ఏమాత్రం పని చేయలేదు, కోపంతో ఫోన్ పక్కన పడేశాను. డాక్టరు గారు మందు మార్చారు. ఆవిడకి ఇదంతా చెప్పాను, కొనసాగించమన్నారు, ఫైల్లో కూడా రాసుకున్నారు.

కరీంనగర్ అన్నయ్యా, అమ్మగారికి ఎలా ఉంది?

కరీంనగర్_అన్న
ఆదివారం, రాత్రి 10:05

చెల్లె, అమ్మకు కాలవలు, ఘాట్లు పని చెయ్యలె. మరి నువ్వే చెప్పు ఎక్కడుంటే నీకు హాయిగుంటదని అడిగిన, బతుకమ్మ పేర్చేటప్పుడు అన్నది. ఇప్పుడు పండుకుని తంగేడు పువ్వు ఒక్కొక్కటే పేర్చుకుంట పోతది, కింది వరుస నుంచి. మంటలు పోలె, డాక్టర్ రాత్రి గోలి ఒకటి కొత్తగ ఇచ్చిండు, రెండూ నడుస్తున్నయ్. మూడో వరుసకే గుర్రు కొడ్తది ఒక్కోనాడు.

ఉద్దానం_కుర్రాడు
ఆదివారం, రాత్రి 11:40

సార్ చెప్పినట్టే వాసన ఎలాగుందో అడిగాను. జీడిపూత వాసన అన్నాడు నాన్న. మొన్న శుక్రవారం సూదులు దిగాక కళ్ళు తెరిచి, నూతి పక్కన ఒక చెట్టు ఇన్నాళ్ళూ లెక్కలో మర్చిపోయానురా, మీ తాత వేసింది అన్నాడు. ఇప్పుడు దాంతో కలిపి లెక్కపెడుతున్నాడు.